ఒక్క తేడా లేని నలభై మూడు ట్రేలు

మంగళవారం, 4

నలభై ఒకటి. ఈరోజుతో నలభై ఒక్క ట్రేలు.

డాక్టరమ్మ పొద్దున్నే ల్యాబులోకి వచ్చి పెద్దాయన భుజం తట్టి, "పదకొండు నెలలు, నలభై ఒక్క ట్రేలు, ఇద్దరి కాగితాలకీ మధ్య ఒక్క తేడా లేదు. ఎంత నిక్కచ్చి మనిషండీ మీరు!" అంది. ఆయన నవ్వాడు. నేను అక్కడే ఉన్నాను. మూడడుగుల దూరంలో, చేతిలో రక్తం గొట్టంతో. నేనేమన్నా బీరువానా?

ఎవరు చేశారమ్మా ఆ నలభై ఒకటీ? దాత రక్తాన్ని గిర్రున తిప్పి మధ్యలో తేలిన తెల్లటి పొర లాగింది నేను. ట్రేలో చీమ స్నానం చేసేంత గుంటల్లో, నూనె చుక్క కింద, రోగి రక్తంలోంచి తీసిన సీరం పోసి, దాంట్లో దాత కణాలు వదిలి, ఆపైన కుందేలు సీరం వేసింది నేను. గంటలు లెక్కపెట్టుకుని రంగు చుక్క వేసింది నేను. రోగి ఒంట్లో ఆ దాత మీద పగ ఉంటే కణాలు చచ్చి నల్లగా ఉబ్బుతాయి. పగ లేకపోతే ముత్యాల్లా మెరుస్తూ బతికుంటాయి. అన్నీ బతికుంటే ఒకటి, అన్నీ చస్తే ఎనిమిది, మధ్యలో రెండు, నాలుగు, ఆరు. మైక్రోస్కోపులో తల పెట్టి గుంట గుంటకీ అంకె వేసింది నేను. ఒకటి అంటే కిడ్నీ మార్చొచ్చు. ఎనిమిదిని చూసి ఒకటి వేస్తే కొత్త కిడ్నీ బల్ల మీదే నల్లబడుతుంది. అంత పని.

రూలు ప్రకారం ఇద్దరు చదవాలి. విడివిడిగా. ఒకరి కాగితం ఇంకొకరు చూడకుండా. మా దగ్గర ఏం జరుగుతుంది? "నువ్వు ముందు కానీ అమ్మాయ్" అని పెద్దాయన టీకి వెళతాడు. వచ్చి నా కుర్చీలో కూర్చుంటాడు. నా కాగితం ఆయన మోచేతి కింద ఉంటుంది. పావుగంటలో ఆయన కాగితం నా కాగితానికి కవలపిల్ల.

కాపీ. ముప్పై ఏళ్ళ సర్వీసు పెట్టుకుని కాపీ కొడుతున్నాడు. రిపోర్టులో 'చదివినవారు' అన్నచోట ఆయన సంతకం. 'సహాయం' అన్నచోట నాది. నాకు డిగ్రీ లేదు కదా. గాజుసామాను కడగడానికి వచ్చినదాన్ని కదా. కిట్టు డబ్బాల్లో వచ్చే కాగితాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మైక్రోస్కోపుకి రెండో గొట్టం ఉంటుంది, పక్కవాళ్ళు చూడ్డానికి. దానికి కన్ను ఆనించి నేర్చుకున్నాను. అది చదువు కాదట. కాపీ మాత్రం అనుభవమట.

బుధవారం, 5

గుడ్ మార్నింగ్ సార్ అన్నాను. ఆయన "గుడ్ మార్నింగ్ అమ్మాయ్" అని తలుపు పక్కనున్న కోట్ల స్టాండుకి చెప్పాడు. దానికి నా కోటు తగిలించి ఉంది. నేనూ నా కోటూ ఒకటే అని చెప్పడం. నోటితో అనే ధైర్యం లేక.

గురువారం, 6

వచ్చే వారం ఆపరేషన్ అనుకుంటున్న కేసు వచ్చింది. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. వారానికి మూడు రోజులు మా ఆసుపత్రిలోనే మెషీను మీద రక్తం కడిగించుకుంటాడు. అక్క టైలరు. కిడ్నీ ఇచ్చేది ఆవిడే. ఇద్దరూ గది బయటనుంచే పోట్లాడుకుంటూ వచ్చారు.

"మేడమ్, మీ లిఫ్టు ఏడుస్తోంది" అన్నాడు తమ్ముడు కూర్చుంటూనే.

"మేం రక్తం చూస్తాం. లిఫ్టు చూడం."

"మూడో అంతస్తు దాటగానే కీచుమంటుంది, వినండి ఓసారి. గ్రీజు లేక. రెండేళ్ళనుంచి చెబుతున్నా, నేను పేషెంటునని ఎవడూ వినడు."

"ఒరేయ్, ముందు నీ గొట్టాలు బాగు చేయించుకో. ఊళ్ళో లిఫ్టుల సంగతి తర్వాత" అంది అక్క.

"కిడ్నీ ఇస్తున్నావని ప్రతిదానికీ అడ్డం రాకే."

"ఇస్తున్నాను కాబట్టే వస్తాను. గడ్డం గీసుకోమని చెప్పానా లేదా? నా కిడ్నీ ఆ గడ్డం వేసుకుని తిరగదు, ముందే చెబుతున్నా."

నేను సూది గుచ్చుతుంటే ఆవిడ నన్ను పైకీ కిందికీ కొలిచింది. "నీ కుడి భుజం అరంగుళం కిందికుందమ్మా. ఎప్పుడూ ఒకపక్కకే వంగి పని చేస్తావా?" అంది. ఎవరూ అడగని ప్రశ్న. బాగానే అనిపించింది, కానీ కనపడనివ్వలేదు.

అప్పుడే పెద్దాయన వచ్చి వాళ్ళ ఫారం తీసుకుని ముక్కు దాకా ఎత్తి చూశాడు. ఆయన అటు వెళ్ళగానే అక్క నా చెవి దగ్గరికి వంగింది. "ఈయనకి కళ్ళు పోయాయి. మా షాపులో ఓ ముసలి మాస్టరుండేవాడు, ఇట్లాగే గుడ్డని మూతికి ఆనించుకుని కత్తిరించేవాడు. ఓ రోజు గిరాకీ చొక్కాతో పాటు తన చొక్కా కూడా కత్తిరించుకున్నాడు."

ఆయన కళ్ళకేం కాలేదు. నా కాగితం మీది అంకెలు ఆయనకి ఎంత బాగా కనపడతాయో నాకు తెలుసు. గుడ్డలు కుట్టేవాళ్ళకేం తెలుస్తుంది.

సాయంత్రం వేరే కేసు ట్రే చదివాం. నలభై రెండు. తేడా లేదు.

శుక్రవారం, 7

"అంకెలు కాస్త పెద్దగా రాయి తల్లీ" అన్నాడు. ఇప్పుడు నా దస్తూరీ మీద పడ్డాడు. కావాలని ఒక్కో అంకె అగ్గిపెట్టెంత వేశాను. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నాడు. కాపీ కొట్టేవాడికి సిగ్గు కూడా ఉండొద్దా?

శనివారం, 8

అమ్మకి చెప్పాను. అమ్మ సాంతం వినలేదు. "పోయినేడాది నీకు బస్సు డ్రైవరు మంచివాడు కాదు. అంతకుముందు మన ఇంటి ఓనర్లు మంచివాళ్ళు కాదు. ఇప్పుడు ఈయనా? ఈ లోకంలో తప్పు చేయనిది నువ్వొక్కదానివేనా?" అంది.

అవును అన్నాను. నిజమే కదా.

కానీ అమ్మతో మాట్లాడాక ఒక ఉపాయం తట్టింది. ప్రతి ట్రేలోనూ ముందే జవాబు తెలిసిన గుంటలు రెండుంటాయి. ఒకదాంట్లో ఎవరినీ చంపని సీరం వేస్తాం. ఇంకొకదాంట్లో అందర్నీ చంపే సీరం వేస్తాం. దాన్ని నేను చంపే గుంట అంటాను. అందులో ఎనిమిది రాకపోతే, పగకి చంపే బలమిచ్చే కుందేలు సీరం చెడిపోయినట్టు. అప్పుడు మిగతా గుంటల్లో కణాలు బతికున్నా ఆ బతుకు నమ్మకూడదు, ట్రే మొత్తం చెత్తబుట్టకే. గాజుసామాను కడిగేవాళ్ళకి కూడా తెలిసిన సంగతి.

సోమవారం చంపే గుంటకి ఒకటి వేస్తాను. మైక్రోస్కోపులో ఒక్క క్షణం చూసినవాడైనా గావుకేక పెట్టాలి. చూడకుండా కాపీ కొట్టినవాడు ఒకటి వేస్తాడు. ఆ కాగితం పట్టుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెడతాను.

సోమవారం, 10, మధ్యాహ్నం

వేశాడు! ఒకటి వేశాడు!

లిఫ్టు మెకానిక్కుకి ఆపరేషన్ ముందు చేసే ట్రే ఇది, పొద్దున్నే అక్కాతమ్ముళ్ళ దగ్గర మళ్ళీ తీసిన రక్తంతో. చంపే గుంట చూశాను. ఎనిమిదే. బొగ్గుల కుప్ప. కాగితం మీద మాత్రం అగ్గిపెట్టెంత ఒకటి వేశాను. పెద్దాయన టీ తాగొచ్చాడు, కూర్చున్నాడు, గొట్టంలో కన్ను పెట్టి అటూ ఇటూ తిప్పాడు, హూఁ అన్నాడు. ఆ హూఁ మరీ అన్యాయం. తర్వాత అన్నీ వేశాడు, ఒకటితో సహా.

రెండు కాగితాలూ పట్టుకుని డాక్టరమ్మ గదికి పరిగెత్తాను. ఆవిడ ఫోనులో ఉంది. నేను నోరు తెరిచేలోపు కాగితాలు లాక్కుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండింటి మీదా సంతకం గిలికేసింది. "తేడా లేదుగా? గుడ్. గురువారం పొద్దున ఆపరేషన్ పెట్టేయమనండి" అని చేత్తో వెళ్ళమంది.

చంపే గుంటకి ఒకటి! మూడు సంతకాలు! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చూడలేదు! బయటికొచ్చి నవ్వాను. మెట్ల దగ్గర నిలబడి నవ్వాను. నేననుకున్నది అక్షరాలా నిజమైంది. రేపు చెబుతాను, ఆవిడ ఫోను లేనప్పుడు.

సోమవారం, బస్సులో

ఒక్కరూ చూడలేదు.

మరి ఇన్నాళ్ళూ నేను తప్పు వేసి ఉంటే?

మంగళవారం, 11, పొద్దున

నేను తప్పు వేయలేదు. నేను చదివింది కరెక్టే.

నిన్నటి ట్రేలో రోగి సీరం గుంటలన్నీ ఒకటే. ముత్యాల్లా ఉన్నాయి. కరెక్టే.

కాకపోతే నిన్న నా ధ్యాసంతా చంపే గుంట మీద ఉంది. దానికి ఒకటి వేస్తే ఎలా ఉంటుందా అని ముందునుంచే చెయ్యి దురదగా ఉంది. రోగి వరుసలు చూశాను. చూశాను కదా. తొందరగా చూశాను. తొందరగా చూసినా చూడ్డమే. కరెక్టే.

మూడో వరుస చూశానా?

అమ్మ కాఫీ పెట్టి, "ఏంటే, ముఖం అట్లా ఉంది, ఎవరి మీద ఈరోజు?" అంది. ఎవరి మీదా కాదు అన్నాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది.

మంగళవారం, ల్యాబు

ఆయన రాగానే అడిగాను. "సార్, నిన్న చంపే గుంటకి ఎంత వేశారు?"

"నువ్వెంత వేస్తే అంతేగా అమ్మాయ్."

"నేను ఒకటి వేశాను."

ఆయన చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "అదేంటి! అది ఎనిమిది కదా ఉండాలి?"

"ఉంది. ఎనిమిదే ఉంది. మరి మీరెందుకు ఒకటి వేశారు?"

ఆయన కుర్చీని చేత్తో తడిమి, ఎక్కడుందో చూసుకుని కూర్చున్నాడు. రోజూ అట్లాగే తడుముతాడు. దుమ్ము దులుపుకుంటున్నాడనుకునేదాన్ని. నేను కడిగిన ల్యాబులో దుమ్మా అని మండిపడేదాన్ని కూడా.

"కనపడదు తల్లీ. రెండు కళ్ళకీ పొర వచ్చింది. కాగితమైతే భూతద్దంతో లాక్కొస్తాను. గొట్టంలో మాత్రం పాలు ఒలికినట్టుంటుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వు చదవడం మొదలుపెట్టావు చూడు, అప్పటినుంచి. అప్పుడే సెలవు పెట్టేసేవాణ్ణి. నీ చదువు చూశాక ధైర్యమొచ్చింది. మంచి కన్ను అమ్మాయ్ నీది."

జన్మలో మొదటిసారి మెచ్చుకున్నాడు. అదీ ఇక్కడ!

"నన్ను నమ్మారా? నన్నా? మీకు బుద్ధుందా సార్? నేను గాజుసామాను కడగడానికి వచ్చినదాన్ని!" అని అరిచాను. పక్క గదిలో సెంట్రిఫ్యూజు తిరుగుతున్నా అందరికీ వినపడిందట. నన్నెవరూ నమ్మరని పదకొండు నెలలు పళ్ళు నూరుకున్నదీ నేనే, నమ్మారని తెలిశాక గొంతు చించుకున్నదీ నేనే.

"కంటి ఆపరేషన్ పావుగంట పని. చేయించుకోవచ్చుగా?"

"కంట్లో కత్తి పెడతారమ్మాయ్."

"ముప్పై ఏళ్ళనుంచి రోజూ ఎవరికో ఒకరికి పొట్ట కోసే ఆసుపత్రిలో ఉన్నారు!"

"ఆ పొట్టలు నావి కాదు కదా."

కోపం రావాలి. వచ్చింది. కానీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన గ్లాసు పక్కన పెట్టబోయి బల్ల అంచు దాటించాడు. పట్టుకున్నాను.

"పద. డాక్టరమ్మకి చెబుదాం. నాది నేను చెబుతాను, నీది నువ్వు చెప్పు" అన్నాడు.

"నాదేముంది?"

"ఒకటి" అన్నాడు.

చెప్పాం. డాక్టరమ్మ "ఆ కాగితం మీద నా సంతకం ఉందా?" అంది. ఉందమ్మా అన్నాను. "చూడకుండా పెట్టానా?" ఫోనులో ఉన్నారమ్మా అన్నాను. ఆవిడ ఫోను తీసి సొరుగులో పడేసి, సొరుగు మూసి, "ట్రే తీసుకురా, నేనే చదువుతాను" అని లేచింది.

ఆవిడ మైక్రోస్కోపు ముట్టుకుని ఎనిమిదేళ్ళయింది. కూర్చుని, కన్ను ఆనించి, "అమ్మో! ఇవేంటి, నల్లగా దారాల్లా కదులుతున్నాయి?" అంది.

"అవి మీ కనురెప్పల వెంట్రుకలమ్మా."

ఎలాగూ నిన్నటి ట్రే పనికిరాదు. రోజు దాటితే బతికిన కణాలు కూడా చస్తాయి. మళ్ళీ రక్తం తీయాలి, మళ్ళీ చేయాలి, నిజంగా కళ్ళున్న ఇంకొకరు చదవాలి. డాక్టరమ్మ సొరుగు తెరిచి ఫోను తీసి, వేరే ఆసుపత్రి ల్యాబులో చదివే ఆవిణ్ణి పంపమని బతిమాలింది. గురువారం ఆపరేషన్ ఉంటుందో లేదో ఆవిడొచ్చాకే.

అక్కకి ఫోను చేసి మళ్ళీ రక్తమివ్వాలి అన్నాను. "నిన్నేగా ఇచ్చాను! టెస్టులు చేస్తున్నారా, తాగుతున్నారా?" అంది. వచ్చింది మాత్రం అరగంటలో.

బుధవారం, 12

వేరే ఆసుపత్రి ఆవిడ నిన్న సాయంత్రమే వచ్చింది. పొట్టిగా ఉంటుంది. సంచిలో సొంత దిండు తెచ్చుకుంది, కుర్చీ ఎత్తు చాలదని. పేరు అడగలేదు. దిండావిడ.

"నువ్వు చదివేశావా? సరే, కాగితం మడిచి జేబులో పెట్టుకో. నాకు చూపించకు" అంది. ఆవిడ చదివి, తన కాగితాన్ని సంచిలో పెట్టి జిప్పు వేసింది. జిప్పు! పదకొండు నెలల్లో ఆ చప్పుడు నేను వినలేదు. అప్పుడు ఇద్దరివీ బల్ల మీద పరిచాం. చంపే గుంట ఎనిమిది, ఎనిమిది. మొదటి వరుస సరే. రెండో వరుస సరే. మూడో వరుసలో రోగి సీరం పలచన చేయకుండా నేరుగా వేసిన గుంట. నాది ఒకటి. ఆవిడది నాలుగు.

"నాలుగేంటండీ? ముత్యాల్లా ఉంటేనూ!"

"ఎక్కడ చూశావు?"

"గుంటలో."

"గుంటలో ఎక్కడ?"

"మధ్యలో."

"మరి అంచు ఎవరు చూస్తారు, మీ తాతా?"

ఆవిడ మర తిప్పింది. రెండో గొట్టంలోంచి చూశాను. మధ్యలో ముత్యాలే. అంచుకి పోతున్నకొద్దీ నల్లవి. గుంట గోడ పొడుగునా నల్లవి, గుంపులు గుంపులుగా.

"చదవడం ఎవరు నేర్పారు నీకు?"

ఎవరూ నేర్పలేదు. అదే కదా నా గొప్ప. పెద్దాయన గుంట చుట్టూ తిప్పి చూసి, మధ్యలోకి తెచ్చి ఆపేవాడు. ఆపి అంకె రాసుకునేటప్పుడే నాకు రెండో గొట్టం దగ్గర చోటు దొరికేది. నేను చూసినప్పుడల్లా మధ్యే. మధ్య చూడ్డమే చదవడమనుకున్నాను. మామూలుగా కణాలు అంతటా సమానంగా పరుచుకుంటాయి కాబట్టి మధ్య చూసినా చెల్లిపోతుంది. ప్రతిసారీ కాదు.

నలభై మూడు ట్రేలు. చదివింది ఒక్క జత కళ్ళు. అవి చూసింది కూడా మధ్యే.

ఈరోజు పొద్దుటినుంచి డాక్టరమ్మా నేనూ ఫైళ్ళు తీశాం. ఆ నలభై మూడు మందిలో ఇరవై తొమ్మిది మందికి ఆపరేషన్లు అయ్యాయి. ఒక్కొక్కళ్ళ తాజా రిపోర్టు తెప్పించి చూశాం. ఇరవై తొమ్మిది కిడ్నీలూ పని చేస్తున్నాయి. ఇది నా ప్రతిభ అని ఈ డైరీలో కూడా రాయలేను. మిగిలిన పద్నాలుగు మందికి, లిఫ్టు మెకానిక్కుతో కలిపి, మళ్ళీ చేయాలి. దిండావిడ రెండు వారాలు ఇక్కడే ఉంటుంది.

అక్కాతమ్ముళ్ళకి చెప్పే పని నాకే పడింది. వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. తమ్ముడు గడ్డం గీసుకొచ్చాడు. ఆ నున్నటి గడ్డం చూస్తూ చెప్పాను. మీ తమ్ముడి సీరంలో మీ కణాలు కొన్ని చస్తున్నాయి, రేపు ఆపరేషన్ లేదు, ఇంకో పరీక్ష చేయాలి అని. మొదటిసారి నేను తప్పు చదివానని కూడా చెప్పాను.

"నా రక్తం వీడికి పడదా? పుట్టినప్పటినుంచీ నేను వీడికి పడను, ఇప్పుడు కొత్తగా చెబుతారేంటి!" అంది అక్క. నవ్వించాలనే అంది.

"పోనీలే అక్కా. మెషీను అలవాటైపోయింది" అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. గీసుకున్న గడ్డం దండగ కానిస్తానా?"

ఆవిడ ముక్కు చీదుకోడానికి అటు తిరిగినప్పుడు అతను నాతో మెల్లిగా అన్నాడు. "లిఫ్టు బ్రేకు చూసేటప్పుడు మేం ఇద్దరం ఉంటాం మేడమ్. ఒకడు పైన, ఒకడు కింద గుంతలో. కిందివాడు సరే అని కేకేసేదాకా పైవాడు జనాన్ని ఎక్కించడు. మీకట్లా లేదా?"

ఉందండీ, కాగితం మీద ఉంది అన్నాను. తిడితే బాగుండేది. తిట్టలేదు.

గురువారం, 13

కుళ్ళిన కోడిగుడ్ల కంపు. ల్యాబంతా. నా జుట్టంతా. కొత్త పరీక్షలో వాడే మందు అంతే.

ఈ కంపుకి ఒక పనుంది. ఒంట్లో పగ రెండు రకాలు. ఒకటి ఏ జ్వరానికో పుట్టి పైపైన ఎగిరేది, కొన్నాళ్ళకి అదే పోతుంది, కిడ్నీని ఏమీ చేయదు. రెండోది లోపల పాతుకున్నది, అదే కిడ్నీని చంపుతుంది. గుంటలో చూస్తే రెండూ ఒకేలా చంపుతాయి. ఈ మందు కలిపితే పైపైది విరిగిపోతుంది, పాతుకున్నది విరగదు. లిఫ్టు మెకానిక్కుకి పోయిన నెల పది రోజులు జ్వరమట. ఫైలులో ఉంది. ఎవరు చదివారు ఫైలు? దిండావిడ.

రోగి సీరం రెండు భాగాలు చేశాం. ఒకదాంట్లో మందు. ఇంకొకదాంట్లో అంతే కొలత ఉప్పునీళ్ళు, పలచబడ్డం వల్ల తగ్గిందేమోనన్న అనుమానం లేకుండా. మూడు గంటలు ట్రే పక్కనే కూర్చున్నాను. దిండావిడ ఇంటికి ఫోను చేసి వంకాయలు తరగమంది, గ్యాసు కట్టేశారా అని అడిగింది.

చదివాను. మధ్య. అంచు. చుట్టూ. మళ్ళీ మధ్య. కాగితం మడిచి జేబులో పెట్టాను. ఆవిడ చదివింది. జిప్పు వేసింది. జిప్పు తీసింది.

ఉప్పునీళ్ళ గుంట: నాలుగు, నాలుగు.

మందు గుంట: ఒకటి, ఒకటి.

చంపే గుంట: ఎనిమిది, ఎనిమిది.

పైపైదే. ఆపరేషన్ సోమవారం.

వరండాలోకి పరిగెత్తాను. నా దగ్గర కంపుకి తమ్ముడు ముక్కు మూసుకున్నాడు, అక్క మూసుకోలేదు. రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఊపేసింది, ఎత్తుగా ఉన్నదీ కిందికున్నదీ. అప్పుడే పెద్దాయన గోడ పట్టుకుంటూ వచ్చి, ఆవిడ ఎదురుగా నిలబడబోయి కొంచెం పక్కకి నిలబడి, తప్పంతా నాది, నాకు కళ్ళు కనపడవు, ఆపరేషనంటే భయం అని చెప్పేశాడు. ఎవరూ అడగలేదు.

అక్క నా భుజాలు వదిలి, వెళ్ళి ఆయనకి సరిగ్గా ఎదురుగా నిలబడింది. "పెద్దాయనా, ఇటు చూడు. నేను ఉన్న రెండింట్లో ఒకటి తీసి ఇస్తున్నాను. నీ కంట్లోంచి పనికిరాని పొర తీసేయడానికి ఏడుస్తున్నావా?"

"భయమమ్మా."

"నాకు లేదా? వణుకొస్తోంది. సోమవారం నేను బల్ల ఎక్కే టైముకి నువ్వూ ఎక్కు. దిగాక ఎవరెక్కువ ఏడ్చారో చూద్దాం."

ఆయన నా వైపు తిరిగాడు. ఈసారి నా వైపే, కోటు వైపు కాదు. "ఏమంటావు అమ్మాయ్?"

"ఎక్కండి సార్. లేకపోతే నేనే మోసుకెళ్ళి పడేస్తాను" అన్నాను.

శుక్రవారం, 14

మెమో ఇచ్చారు. పరీక్ష కాగితం మీద తెలిసీ తెలిసీ తప్పు అంకె వేసినందుకు. మూడు నెలలు ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పకుండా నేను ఒంటరిగా చదవకూడదట. డాక్టరమ్మ తనకి కూడా ఒకటి రాసుకుంది, పైవాళ్ళకి పంపింది. పెద్దాయనకి కూడా ఇచ్చారు. ఆయనది నేనే చదివి వినిపించాను.

'సహాయం' అని కాకుండా నా ఒక్కదాని పేరు మీద వచ్చిన మొదటి కాగితం ఇది. అమ్మకి చూపించాను. "నీది తప్పని రాశారా? సంతకం పెట్టి మరీ?" అని రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఆ డాక్టరమ్మని ఒకసారి భోజనానికి పిలవమంది.

సోమవారం, 17

పొద్దున ఎనిమిదికి అక్కాతమ్ముళ్ళని పైకి తీసుకెళ్ళారు. స్ట్రెచరు లిఫ్టులోకి వెళుతుంటే తమ్ముడు తల ఎత్తి, "మూడో అంతస్తు దగ్గర వినండి, వినండి" అంటున్నాడు వార్డుబాయితో. పక్క స్ట్రెచరు మీంచి అక్క "వాడికి ముందు నోటికి మత్తివ్వండి" అంది. పెద్దాయన కింది అంతస్తులో కంటి వార్డుకి నడిచి వెళ్ళాడు. మోయాల్సిన అవసరం రాలేదు. నా చెయ్యి మాత్రం తలుపు దాకా వదల్లేదు, ఐదు వేళ్ళ గుర్తులు పడ్డాయి.

ల్యాబులో దిండావిడా నేనూ. పద్నాలుగు మందిలో రెండో కేసు. చేతులు పని చేస్తున్నాయి, చెవులు ఫోను దగ్గర. పదకొండు గంటలు. పన్నెండు. ఒకటిన్నర. నేను చదివాను, కాగితం జేబులో. ఆవిడ చదివింది, జిప్పు. బల్ల మీద పరిచాం. ఐదో గుంట: నాది రెండు, ఆవిడది నాలుగు.

"నాలుగు" అంది.

"రెండు."

"అంచు చూశావా?"

"చూశాను."

"సరిగ్గా చూస్తే నాలుగు."

"సరిగ్గానే చూశాను. మీరు చెత్తని కూడా లెక్కేశారు. ఆ నల్లది కణం కాదు, దుమ్ము."

"ముప్పై ఏళ్ళనుంచి చదువుతున్నా, నాకు దుమ్ము తెలియదా?"

"ముప్పై ఏళ్ళ సర్వీసు నాకు చెప్పకండి. ముప్పై ఏళ్ళ సర్వీసు నేను చూశాను!"

అప్పుడు ఫోను మోగింది. దగ్గరున్నది ఆవిడ. తీసింది. "ఆఁ... ఆఁ... ఎంతసేపట్లో?... సరే." పెట్టేసింది.

"గులాబీ రంగు తిరిగిందట. కుట్లు పూర్తికాకముందే బల్ల మీదే ఉచ్చ పోసిందట కిడ్నీ. అక్క కూడా బాగానే ఉంది, కళ్ళు తెరిచి తమ్ముడి గడ్డం పెరిగిందా అని అడిగిందట" అంది. వెంటనే, ఊపిరి కూడా పీల్చకుండా, "ఐదో గుంట మాత్రం నాలుగే."

నేను కూర్చున్నాను. కుర్చీ ఎక్కడుందో చూసుకోలేదు, అదృష్టవశాత్తూ ఉంది. మైక్రోస్కోపు గొట్టంలో కన్ను పెట్టాను, ఆవిడకి నా ముఖం కనపడకుండా. కాసేపు ఏమీ కనపడలేదు, అంతా నీళ్ళు. తుడుచుకున్నాను. మధ్య చూశాను. మర తిప్పి అంచు చూశాను. గుంట గోడ పొడుగునా చుట్టూ చూశాను. ఆ నల్లదాన్ని మళ్ళీ చూశాను.

"రెండే" అన్నాను. "చచ్చినా రెండే."

"లే, నన్ను చూడనీ" అని ఆవిడ దిండు సర్దుకుంది.